క్రేనమ్మ మెడ

ఎత్తైన క్రేన్ నడిపే పనిలో ఆడవాళ్లు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. ఆమె చేరిన రోజుల్లో మాత్రం మా చుట్టుపక్కల ఒక్కరూ లేరు. భవనాలు కట్టే కంపెనీలో ఆమెది సామాన్ల గది చూసుకునే ఉద్యోగం. మేకులు, తాళ్లు, చేతితొడుగులు ఇచ్చి పుచ్చుకోవడం. పాత క్రేన్ డ్రైవరు మోకాళ్లు అరిగి పని మానుకున్నప్పుడు, ఎత్తంటే కళ్లు తిరగనివాళ్లు ఎవరైనా ఉంటే నేర్పిస్తామని పైవాళ్లు అడిగారు. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఆమె చెయ్యెత్తింది. కొందరు నవ్వారు. ఆమె చెయ్యి దించలేదు. శిక్షణకు వెళ్లింది, పరీక్ష ప్యాసైంది, లైసెన్సు తెచ్చుకుంది. ఆ తరవాత ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. సైటులోనూ, వీధిలోనూ, చివరికి ఇంట్లో అత్తగారికి కూడా ఆమె క్రేనమ్మే.

మేమంతా ఒకే మూడంతస్తుల ఇంట్లో ఉంటాం. కింది వాటా మాది. నడిమి అంతస్తులో క్రేనమ్మ, బడిలో లెక్కలు చెప్పే ఆమె భర్త, అత్తగారు. పై అంతస్తులో ఆయన అక్క, అంటే క్రేనమ్మకు వదిన. వీధి మలుపులో ఇస్త్రీ షాపు ఆవిడదే. ఈ వదినా మరదళ్లు పొద్దున లేచింది మొదలు మాటకు మాట అప్పచెప్పుకుంటూనే ఉంటారు గాని, ఒకరు తోడు లేకపోతే ఇంకొకరు కూరగాయలకైనా కదలరు.

వాళ్లిద్దరినీ కట్టి పడేసింది షటిల్ ఆట. మా ఇంటి వెనక వాడకం లేని గోదాములో గీతలు గీసి, నెట్ కట్టి, ఒక కోర్టు తయారుచేశారు. సాయంత్రం అయ్యేసరికి వదిన నెట్ దగ్గర, క్రేనమ్మ వెనకాల. క్రేనమ్మ ఎగిరి కొట్టిందంటే అవతలివాళ్లు బ్యాట్ ఎత్తేలోపే కాక్ నేల మీద ఉండేది. ఏడాదికోసారి రకరకాల ఉద్యోగాల వాళ్లంతా కలిసి ఆడే పోటీ ఒకటుంది. అందులో ఆడవాళ్ల జంటల ఫైనల్లో వీళ్లిద్దరూ వరసగా ఆసుపత్రి నర్సుల జంట చేతిలో ఓడిపోతూ వచ్చారు. ఈసారి ఆ నర్సమ్మలకు మందు మనమే వేద్దామని వదిన షాపుకొచ్చిన ప్రతివాళ్లతోనూ చెప్పేది.

ఇక క్రేన్ మీద ఆమె పని ఎలా ఉంటుందంటే, క్యాబిన్ ముందు భాగమూ, కాళ్ల కింది నేలా గాజే. కొక్కెం ఎక్కడ వేలాడుతోందో, బరువు ఎక్కడ దిగుతోందో చూడాలంటే సీటు అంచుకు జరిగి, ముందుకు వంగి, తన రెండు మోకాళ్ల మధ్యనుంచి కిందికి చూడాలి. పొద్దున ఎక్కిన మనిషి భోజనానికి దిగేదాకా అదే చూపు. భోజనం చేసి మళ్లీ ఎక్కితే మళ్లీ అదే. సాయంత్రం కోర్టులో తల వెనక్కి వాల్చి, కప్పు దీపాల వెలుతురులోంచి దిగివచ్చే కాక్ కోసం పైకి చూపు. పగలంతా ముందుకు వంగిన మెడ, సాయంత్రమంతా వెనక్కి విరుచుకునేది. ఇది ఆమెకు ఎప్పుడూ విడ్డూరంగా తోచలేదు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం ఒంటి గురించి ఎవరు ఆలోచిస్తారు?

మొదట మెడ పట్టేసింది. అత్తగారు గోరువెచ్చని నూనె రాసి, మెడలో గాలి చేరిందని తేల్చేసింది. రెండు రోజులకు తగ్గింది. మళ్లీ వచ్చింది. ఈసారి నొప్పి మెడలో ఆగకుండా కుడి భుజం ఎముక వెనక్కి దిగి, మోచేతిదాకా పాకింది. పొద్దున లేచేసరికి బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కి ఉండేవి. చెయ్యి కింద పెట్టుకుని పడుకుని ఉంటానులే అనుకుంది. ఒకరోజు టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. గ్లాసుకు నూనె అంటిందనుకుంది. మనిషి తనకు తాను చెప్పుకునే సాకులకు అంతుంటుందా?

ఒక సాయంత్రం ఆటలో ఆమె ఎగిరి కొట్టబోతే బ్యాట్ పట్టు తప్పి, గిరగిరా తిరుగుతూ పోయి వదిన చెవి పక్కనుంచి దూసుకెళ్లింది. వదిన నిలువునా కొయ్యబారింది. తేరుకున్నాక, ఆస్తి తగాదాలేమైనా ఉంటే నోటితో చెప్పు గాని ఇలా వద్దని హాస్యమాడింది. క్రేనమ్మ నవ్వలేదు. ఆమె తన కుడి అరచేతిని తెరుస్తూ మూస్తూ నిలబడిపోయింది.

ఆ మరుసటి వారమే సైటులో అది జరిగింది.

ఇనుప చువ్వల కట్టను నాలుగో అంతస్తు మీదికి చేరుస్తోంది. కింద సైగలు చేసే పెద్దాయనను అందరూ సిగ్నల్ బాబాయ్ అంటారు. ఆయన వాకీటాకీలో ఆపమన్నాడు. ఆమె ఆపాలనే అనుకుంది. కాని పిడిని వెనక్కి లాగడానికి మణికట్టు వెంటనే మాట వినలేదు. ఒక్క క్షణమే ఆలస్యం. ఆ క్షణంలో చువ్వల కట్ట ఆగాల్సిన చోటు దాటి ఊగి, గోడ కడుతున్నవాళ్లు నిలబడ్డ పరంజా పలకల వైపు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. గాలి విసురుకు ఊగిందేమో అనుకున్నారు కిందివాళ్లు. అలా అనుకోనిచ్చి ఊరుకుంటే అక్కడితో అయిపోయేది.

ఆమె ఎడమ చేతి సాయం కూడా తీసుకుని, ఆ కట్టను మెల్లగా ఖాళీ నేల మీదికి దించింది. దించాక వాకీటాకీ తీసుకుంది.

"బాబాయ్, అది గాలి కాదు. నా చెయ్యి సరిగా పనిచెయ్యట్లేదు. నేను దిగుతున్నా. ఇంకెవరినైనా పంపించమను."

సైటు ఇంజనీరు మంచివాడే గాని, తొందర మనిషి. నీడలో కాస్త కూర్చుని మళ్లీ ఎక్కమ్మా, మధ్యాహ్నానికి శ్లాబు పని ఉంది అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఈ చేతితో ఎక్కితే శ్లాబు కాదు, ఎవరి తలో పగులుతుందని చెప్పేసింది. ఆ మాట చెప్పడం తేలిక కాదు. చెయ్యి పనిచెయ్యడం లేదని ఒప్పుకున్న క్రేన్ డ్రైవరును మళ్లీ ఎక్కనిస్తారన్న హామీ ఎక్కడా లేదు. ఇంటికొచ్చి ఆ సంగతంతా భర్తకు చెప్పింది. మాస్టారు ఆమె చెప్పిందంతా విని, చెప్పడం మంచిదైందని మాత్రం అన్నాడు. వెంటనే పై అంతస్తుకు వెళ్లి అక్కను పిలుచుకొచ్చాడు.

వదిన మరునాడే ఆమెను వెంటబెట్టుకుని ఒక కైరోప్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. వెన్నుపూసలనూ కీళ్లనూ చేతులతోనే సరిచేసే వైద్యురాలు. ఆటలాడేవాళ్లూ, పరుగులు తీసేవాళ్లూ, బరువులు మోసేవాళ్లూ ఆమె దగ్గరికి వెళ్తుంటారు. వదిన షాపులో బట్టలిచ్చే ఫుట్‌బాల్ కుర్రాళ్లు ఆమెను పిట్ట డాక్టరు అంటారు. చూస్తే నిజంగానే పిట్టంత మనిషి. గదిలో మధ్యన ఎత్తైన బల్ల, గోడకు నిలువుటద్దం, మూలన రబ్బరు పట్టీలు, పెద్ద బంతులు. ఇంత చిన్న మనిషి తన మెడ ఎలా తిప్పుతుందా అని క్రేనమ్మకు లోపల అనుమానం. ఒక్కసారి మెడ పట్టుకుని టక్కుమనిపిస్తే చాలు, సోమవారానికల్లా క్యాబిన్‌లో ఉండాలని ఆమె లెక్క.

పిట్ట డాక్టరు మెడ ముట్టుకోనే లేదు. ముందు కూర్చోబెట్టి అడిగింది. ఎప్పటినుంచి, ఎక్కడ, ఏ పని చేస్తే, ఏ వేళ్లు. చేతులు చాపించి, మణికట్టు పైకెత్తి పట్టుకోమని, తాను కిందికి నొక్కి చూసింది. ఎడమ మణికట్టు రాయిలా నిలబడింది. కుడిది మెత్తటి కొమ్మలా వంగిపోయింది. చిన్న సుత్తితో మోచేతి మడతలో కొట్టింది. ఎడమ చెయ్యి ఉలిక్కిపడింది, కుడిది పడుకునే ఉంది. క్రేనమ్మ అదంతా చూస్తూనే ఉంది. ఇక సాకులకు చోటు లేకపోయింది.

"ఈరోజు మీ మెడ నేను తిప్పను," అంది డాక్టరు. "చేతిలో బలం తగ్గిందంటే మెడలో నరం ఎక్కడో నలుగుతోందన్నమాట. లోపల ఏముందో తెలీకుండా చెయ్యి వేస్తే, నేను మీకు మేలు చేసినట్టు కాదు. ముందు పెద్దాసుపత్రిలో స్కాన్ తీయించుకోండి. నేను వాళ్లతో మాట్లాడతా."

"మరి టక్కుమనిపించడం?" అని వదిన అడిగింది.

"చప్పుడుతో జబ్బులు పోతే, నేను తలుపులు వేసి తీసి బతికేదాన్ని కదండీ."

వదినకు ఆ డాక్టరు అక్కడికక్కడే నచ్చేసింది. క్రేనమ్మకు నచ్చలేదు.

స్కాన్‌లో తేలింది. మెడ ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది ఒకటి పక్కకు ఉబ్బి, చేతిలోకి వెళ్లే నరాన్ని ఒత్తుతోంది. ఆసుపత్రి సర్జను ఇప్పుడే కొయ్యాల్సిన పని లేదన్నాడు. ఇలాంటివి చాలావరకు కాలం మీద, సరైన వ్యాయామంతో సర్దుకుంటాయన్నాడు. అయితే చేతిలో బలం ఇంకా తగ్గినా, నడకలో తూలుడు వచ్చినా ఆలోచించకుండా పరిగెత్తుకు రమ్మన్నాడు. అప్పటిదాకా క్రేన్ వద్దు, షటిల్ వద్దు. మిగతాది పిట్ట డాక్టరు చూసుకుంటుంది.

ఆ ఏటి పోటీ దగ్గర పడుతోంది. వదిన సాయంత్రాలు ఒక్కతే గోడకు కాక్ కొట్టుకుంటుంటే కింద మాకు వినిపించేది. ఆ చప్పుడు క్రేనమ్మ చెవిలో ఎలా పడి ఉంటుందో ఊహించుకోవచ్చు. సైటులో ఎవరో చెప్పారు, మార్కెట్ వెనక వ్యాయామశాలలో ఒకాయన ఉన్నాడు, ఒక్క విరుపుతో ఎంతటి మెడైనా దారికొస్తుందని. ఇంట్లో చెప్పకుండా ఆమె వెళ్లింది. స్టూలు మీద కూర్చుంది. ఆయన వెనక నిలబడి, ఒక చెయ్యి గడ్డం కిందా, ఒక చెయ్యి తల వెనకా పెట్టి, వదులుగా ఉండమ్మా అన్నాడు. తల అలా కొద్దిగా పక్కకు వంగగానే భుజంనుంచి బొటనవేలి కొసదాకా కరెంటు పాకినట్టయింది. ఆమె ఎడమ చేత్తో ఆయన మణికట్టు గట్టిగా పట్టేసుకుంది. వదలమని చెప్పి, లేచి, చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసింది. ఆయన వెనకనుంచి ఏదో అంటూనే ఉన్నాడట. బయట ఎండలో నిలబడి వేళ్లు కదిలించి చూసుకుంది. కదిలాయి. ఇంటికి పోకుండా నేరుగా పిట్ట డాక్టరు దగ్గరికి వెళ్లింది.

డాక్టరు చేతి బలం మళ్లీ చూసి, తగ్గలేదని తేల్చుకున్నాక, తిట్లకు సిద్ధపడి కూర్చున్న ఆమెను ఒక్క మాటా అనలేదు.

"తొందరగా తగ్గాలని ఉంది కదూ. నా దగ్గర తొందర లేదండి, దారి మాత్రం ఉంది. రోజూ నడవగలరా?"

"క్రేన్ రోజూ ఎక్కినదాన్ని. నడుస్తాను."

అక్కడినుంచి అసలు పని మొదలైంది. వారంలో కొన్ని రోజులు డాక్టరు దగ్గరికి. ఆమె వీపు పైభాగంలో బిగుసుకున్న కీళ్లను అరచేతులతో మెల్లగా వదులు చేసేది. భుజం చుట్టూ గట్టిపడిన కండరాలను నొక్కేది. ఆ చేతుల్లో అంత బలం ఎక్కడుందో క్రేనమ్మకు అప్పుడు తెలిసింది. కాని ఎక్కువ భాగం ఇంట్లో తను చేసుకోవాల్సిందే. వెల్లకిలా పడుకుని గడ్డాన్ని లోపలికి లాక్కుని, తలను దిండు మీదనుంచి రవ్వంత పైకి లేపి అలాగే ఉంచడం. చూడ్డానికి ఏమీ లేదు. చేసేసరికి మెడ ముందు కండరాలు గాలిపటం దారంలా వణికేవి. గోడకు వీపు ఆనించి చేతులు పైకి జరపడం. రబ్బరు పట్టీని తలుపు గడియకు కట్టి వెనక్కి లాగడం. దిండు మారింది. ఫోను కంటి ఎత్తులో పట్టుకోవడం వచ్చింది. గిన్నెలు తోమే బల్ల కింద ఇటుకలు పెట్టి మాస్టారు దాన్ని ఎత్తు చేశాడు. ఆమె గడ్డం లోపలికి లాగినప్పుడల్లా, అచ్చం మా అక్క చేతి చారు రుచి చూసిన మొహంలా ఉందని ఆయన అనేవాడు. అత్తగారు కూడా మంచం మీద కూర్చుని కోడలితో పాటు గడ్డం లాగడం మొదలుపెట్టి, తనకు తలనొప్పి తగ్గిందని వీధిలో ప్రచారం చేసింది.

సైటులో ఆమెను కిందికి మార్చారు. బరువులకు గొలుసులు తగిలించేవాళ్ల పక్కన నిలబడి, ముడులు సరిగా ఉన్నాయో లేదో చూసే పని. తన క్యాబిన్‌లో ఇంకొకడు కూర్చుని ఉంటే, తలెత్తి చూడ్డానికి కూడా వీల్లేదు, మెడ ఒప్పుకోదు. భోజనాల దగ్గర ఎవరైనా జాలిగా మాట్లాడితే ఆమె లేచి పోయేది. సిగ్నల్ బాబాయ్ ఒక్కడే ఏమీ అనేవాడు కాదు. ఆమె టీ గ్లాసు ఎడమ చేతి వైపు పెట్టి వెళ్లేవాడు.

మధ్యలో ఒకసారి అంతా నీరుగారిపోయింది. కాస్త బాగుందనిపించి, తడిసిన దుప్పట్ల బకెట్టు ఎత్తి డాబా మీదికి మోసింది. ఆ సాయంత్రానికి నొప్పి మళ్లీ మోచేతిదాకా దిగింది. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు అయిందని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. వదిన వచ్చి పక్కన కూర్చుంది. ఓదార్చడం ఆవిడకు చేతకాదు. ఇస్త్రీలో ముడత ఒక్కసారికి పోకపోతే చొక్కా పారేస్తామా అని అడిగి, ఆ దుప్పట్లు తీసుకెళ్లి తనే ఆరేసింది. మరునాడు పొద్దున గోడ పక్కన ఇద్దరూ నిలబడి చేతులు జరుపుతున్నారు. ఆ రోజునుంచి వదిన కూడా మానలేదు.

పోటీ ఆమె లేకుండానే జరిగింది. వదిన పక్కింటి టైలరమ్మతో కలిసి ఆడి మొదటి రౌండులోనే ఓడి, తప్పంతా బెంచీ మీద కూర్చున్న మరదలిదేనని ప్రకటించింది.

నెలలు గడిచేకొద్దీ తిమ్మిరి చూపుడువేలిని వదిలింది. తరవాత మణికట్టు మెల్లమెల్లగా బలం పుంజుకుంది. డాక్టరు కిందికి నొక్కితే ఒకనాడు అది వంగకుండా నిలిచింది. క్రేనమ్మ ఎగిరి గంతేసేదే. డాక్టరు మాత్రం బల్ల అంచున కూర్చుని, క్యాబిన్‌లో ఎలా కూర్చుంటారో ఈ కుర్చీలో చేసి చూపించమంది. క్రేనమ్మ అంచుకు జరిగి, వంగి, మోకాళ్ల మధ్యనుంచి నేలను చూసింది. రోజంతా ఇలా కూర్చుంటే తను చేసిన వైద్యమంతా చిల్లికుండలో నీళ్లు పోసినట్టేనని డాక్టరు అంది. ఆ కుర్చీ, ఆ గాజు ఎలా ఉంటాయో తను కళ్లారా చూడాలంది.

క్రేనమ్మ హాస్యమనుకుంది. కాదు. డాక్టరు సైటు ఇంజనీరుకు ఫోను చేసి అనుమతి అడిగింది. ఆయన తెల్లబోయి సరేనన్నాడు. సెలవు రోజున, పని ఆగి ఉన్నప్పుడు, నెత్తిన టోపీ, నడుముకు బెల్టు, తాడూ కట్టించుకుని పిట్ట డాక్టరు నిచ్చెన మొదట్లో నిలబడింది. క్రేనమ్మ మణికట్టు అప్పటికి గట్టిపడింది, ఎక్కడానికి డాక్టరే అనుమతిచ్చింది. ఆమె ముందు వెళ్లింది, డాక్టరు వెనక. సగం దూరంలో ఆగేందుకు చిన్న ఇనప అరుగు ఉంటుంది. అక్కడికి చేరేసరికి డాక్టరు నిచ్చెన కడ్డీని రెండు చేతులా కావలించుకుని కళ్లు మూసేసుకుంది. తనకు ఎత్తంటే చిన్నప్పటినుంచీ భయమని అప్పుడు చెప్పింది.

క్రేనమ్మ రెండు మెట్లు కిందికి దిగి ఆమె పక్కన నిలబడింది.

"దిగిపోదామాండీ? తప్పేం కాదు."

"వద్దు. మీరు ఎలా ఎక్కుతారో చెప్పండి. అలాగే ఎక్కుతా."

"కిందా పైనా చూడొద్దు. కళ్ల ముందున్న కడ్డీ చూడండి. ఒక చేతికి పట్టు దొరికాకే ఇంకో చెయ్యి వదలండి. అదొక్కటే పని. మిగతాది తాడు చూసుకుంటుంది."

ఒక్కో కడ్డీ చొప్పున, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ, ఆ పిట్టంత మనిషి క్యాబిన్‌దాకా వచ్చింది. సీట్లో కూర్చుని, చెమటలు కారుతుండగానే, అంచుకు జరిగి, వంగి, కాళ్ల కింది గాజులోంచి ఆ లోతులోకి చూసింది. అలాగే కాసేపు ఉంది. లేచి మెడ వెనక చెయ్యి పెట్టుకుంది. మారాల్సింది మీ మెడ కాదు, ఈ సీటు అంది. కొక్కెం దగ్గర కెమెరా, కంటి ఎదురుగా తెర ఉంటే వంగాల్సిన అవసరం సగానికి పైగా తగ్గుతుందని ఇద్దరూ అక్కడే మాట్లాడుకున్నారు.

సైటు ఇంజనీరు మొదట తల గోక్కున్నాడు. ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదన్నాడు. అడగకపోవడం నొప్పి లేక కాదని క్రేనమ్మ చెప్పి, కంపెనీలో మిగతా క్రేన్ల డ్రైవర్లను పేరుపేరునా అడగమంది. తానూ వాళ్లందరి దగ్గరికీ వెళ్లింది. ఒకడికి నడుము, ఒకడికి మెడ, ఒకాయనకు రెండూ. ఎవరికి వాళ్లు తమ ఒక్కరికే అనుకుని ఓర్చుకుంటున్నారు. అందరూ కలిసి ఆఫీసుకు వెళ్లారు. ఒకసారి కాదు, చాలాసార్లు వెళ్లారు. పైవాళ్లు చూద్దామన్నారు, చూస్తున్నామన్నారు, చూశామన్నారు. ఆమె విసుక్కోకుండా ప్రతిసారీ అదే మాట అడిగింది. ఇంజనీరు కూడా చివరికి ఆమె పక్షానే మాట్లాడాడు. ఆ చువ్వల కట్ట ఊగిన రోజు ఆమె దిగకపోతే ఏమయ్యేదో తాను మరిచిపోలేదని పైవాళ్లతో అన్నాడట. ముందు ఆమె క్రేన్‌కు ఒక్కదానికే తెర పెట్టారు, సీటు వీపు సరిచేశారు. పొద్దుటి పనికీ మధ్యాహ్నం పనికీ నడుమ కాస్త లేచి కదలడానికి విరామాలిచ్చారు. ఏడాది తిరిగేలోగా మిగతా క్రేన్లకూ అవన్నీ వచ్చాయి.

సర్జను చూసి సరేనన్న తరవాత, కంపెనీవాళ్లు తమ డాక్టరుతో పరీక్ష చేయించి, ఆమెను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఆ పొద్దున క్యాబిన్ తలుపు మూసి, పిడులు పట్టుకుని, వాకీటాకీలో నేను పైనున్నా అంది. కిందనుంచి సిగ్నల్ బాబాయ్, "కనిపిస్తున్నావులే అమ్మాయ్, పని చూడు," అన్నాడు. ఆమె మొదటగా ఎత్తింది తలుపు చట్రాలు. నిదానంగా ఎత్తి, చెప్పిన చోట దించింది.

షటిల్ సంగతి ఇంకోలా తేలింది. తల వెనక్కి విరిచి ఎగిరి కొట్టే ఆట తగ్గించుకుంటే మంచిదని డాక్టరు చెప్పింది. క్రేనమ్మ ఆ మాటకు చాలా రోజులు మొహం ముడుచుకుంది. స్మాష్ లేని ఆట ఉప్పు లేని కూరంది. ఒక సాయంత్రం వదినే బ్యాట్‌తో ఆమెను ముందుకు నెట్టి, తాను వెనక్కి వెళ్లింది. నెట్ దగ్గర ఆడాలంటే బలం కాదు, కన్నూ మణికట్టూ కావాలి. కాక్ కంటి ఎత్తులోనే వస్తుంది. క్రేనమ్మకు మొదట చేతకాలేదు. నెలల తరబడి నేర్చుకుంది. వెనక పరిగెత్తలేక వదిన ఒగరుస్తూ, తన వయసుకు ఇది శిక్షేనని రోజూ గొణిగేది. రోజూ వచ్చేది.

మరుసటి పోటీలో వాళ్లు ఫైనల్‌కు వెళ్లారు. అవతల మళ్లీ నర్సులే. మేమంతా వెళ్లాం. అత్తగారు ముందు వరసలో కూర్చుంది. మొదటి గేము పోయింది. రెండోది వీళ్లు గెలిచారు. మూడో గేము చివరిదాకా రెండు జంటలకూ సమానంగా నడిచింది. అప్పుడు నెట్ మీదుగా ఎత్తుగా ఒక కాక్ వచ్చింది. ఎగిరి వెనక్కి వాలి కొడితే పాయింటే. క్రేనమ్మ కాళ్లు ఎగరడానికి సిద్ధపడటం మేం చూశాం. ఆమె ఎగరలేదు. వంగి పక్కకు తప్పుకుని వదినకు వదిలేసింది. వదిన పరిగెత్తింది, అందుకుంది, కొట్టింది. కాక్ గీతకు జానెడు అవతల పడింది. ఆ తరవాతి పాయింటుతో ఆట అయిపోయింది.

ఓడినందుకు బాధపడలేదంటే అబద్ధం. దారంతా ఇద్దరూ ఆ కాక్ గురించే వాదించుకున్నారు. తాను కొట్టి ఉంటే గెలిచేవాళ్లమని క్రేనమ్మ ఒప్పుకుంది. గెలిచి, రేపు పొద్దున క్యాబిన్‌లో చెయ్యి ఆడకపోతే ఆ కప్పు మెడకు కట్టుకుంటావా అని వదిన అంది. ఇంటి ముందుకు వచ్చాక ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇప్పుడు ఆమె వయసు యాభై దాటింది. బొటనవేలి కొసన రవ్వంత మొద్దుతనం ఉండిపోయింది. చలికాలంలో తెలుస్తుంది. వ్యాయామం మానితే వారానికల్లా మెడ పోరు పెడుతుంది, అందుకని మానదు. కంపెనీ ఆమె చేతికి ఇద్దరు కొత్త డ్రైవర్లను అప్పగించింది. అందులో ఒకామె పూర్వం బస్సు నడిపేది. పిడులు పట్టడం కంటే ముందు సీటు సర్దుకోవడం, తెర కంటి ఎత్తుకు తెచ్చుకోవడం, చెయ్యి తిమ్మిరెక్కితే దాచకుండా చెప్పడం నేర్పుతోంది. ఆ కొత్తామె మొన్న పని మధ్యలో వాకీటాకీలో, భుజం లాగుతోంది, కాసేపు ఆపుతున్నా అందట. సిగ్నల్ బాబాయ్ సరేనన్నాడు. కింద అందరూ ఆగారు. ఆమె లేచి ఒళ్లు సాగదీసుకుని, మళ్లీ కూర్చుని పని సాగించింది.